దుప్పటికి అవతలి కొస

పెద్ద దుప్పటిని ఒక్క మనిషి మడవలేదు. గడ్డం కింద ఒక అంచు నొక్కిపెట్టి, చేతులు బారలు చాపి, నానా తంటాలూ పడితే ఏదో ఒక ఆకారం వస్తుంది గానీ దాన్ని మడత అనరు, మూట అంటారు. మడత పడాలంటే ఇద్దరుండాలి. ఇవతలి కొసలు ఒకరు, అవతలి కొసలు ఒకరు పట్టుకుని, బిగలాగి, ఒక్కసారి ఫెళ్ళున దులపాలి. తర్వాత ఒకరు నడిచి వచ్చి, చేతులు కలిసినచోట తన కొసలు రెండోవారికి అప్పగించి, కిందికి వంగి మడత అందుకుని మళ్ళీ వెనక్కి పోవాలి. రావడం, చేతులు కలపడం, విడిపోవడం, మళ్ళీ రావడం. దుప్పటి చిన్నదయ్యేకొద్దీ ఇద్దరి మధ్య దూరమూ చిన్నదవుతుంది. ఆఖరికి అది పలకంత అయి ఒకరి చేతిలో మిగులుతుంది.

ఆ లాండ్రీలో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి చేస్తున్నది ఈ పనే. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు లారీల్లో మూటలుగా వచ్చి, పెద్ద పెద్ద మిషన్లలో ఉతుకుడుపడి, వేడి రోలర్ల మధ్య నలిగి, పొగలు కక్కుతూ వీళ్ళ చేతికొస్తాయి. నడిచేది ఎప్పుడూ అక్కే. చెల్లెలు గుంజ పాతినట్టు ఒక్కచోట నిలబడి ఉంటుంది. అలా అని ఎవరూ ఏర్పాటు చెయ్యలేదు. చిన్నప్పుడు అమ్మ దగ్గర చీరలు మడిచేటప్పుడు కూడా అంతే. చెల్లెలు కదలనంటే కదలనని మొండికేసేది, అక్క నడిచేది.

చెల్లెల్ని అక్కడ అందరూ గుండ్రాయి అంటారు. యాభై దాటినా జ్వరమనీ జలుబనీ ఒక్కనాడూ పని ఎగ్గొట్టింది లేదు. తడి దుప్పట్ల మూటని ఒంటిచేత్తో బల్లమీదికి ఎత్తేస్తుంది. అప్పుడప్పుడూ తల పోటెత్తుతుంది గానీ దానికి ఆమె దగ్గర మందుంది. నొప్పి మాత్రల అట్ట ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంటుంది, పిప్పరమెంటు బిళ్ళల్లా చప్పరిస్తుంది.

అక్కని అమ్మో అంటారు. బాయిలరు బుస్సుమంటే అమ్మో. లారీ ఆలస్యమైతే అమ్మో, ముందుగా వస్తే మరీ అమ్మో. భర్త పోయాక చెల్లెలి ఇంట్లోనే ఉంటోంది. సాయంత్రం చెల్లెలు గుమ్మం దిగి పాలకు పోయినా, తిరిగి వచ్చేదాకా కిటికీ దగ్గరనుంచి కదలదు.

వాళ్ళ కబుర్లు కూడా మడతల్లాగే సాగేవి. చేతులు కలిసినప్పుడు ఒక ముక్క, మళ్ళీ కలిసినప్పుడు మరో ముక్క.

"అక్కా, నన్నీ సబ్బు వదిలేట్టు లేదు," అంది చెల్లెలు ఓ రోజు.

అక్క కొసలు అప్పగించి, మడత అందుకుని వెనక్కి పోయి, మళ్ళీ వచ్చింది. "ఏం, చేతులు పగిలాయా?"

"చేతులు కాదు. బాత్రూంకి పోయినా నురగే. లోపల కడుపుక్కూడా పట్టేసినట్టుంది."

"అమ్మో, అవేం మాటలే!" అంటూనే అక్క నవ్వింది. లాండ్రీ బాత్రూం కడగడానికి కూడా ఈ సబ్బుపొడే గుప్పిళ్ళతో చల్లుతారు. ఇంటికి కాస్త పొట్లం కట్టుకుపోయి అక్కడా అదే చల్లుతారు. వడ్రంగి ఒంటిమీద రంపపుపొట్టు లేకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, సబ్బునీళ్ళలో బతికేవాళ్ళకి నురగ ఒక వింతా? ఆ మాట అక్కడితో మడతలో కలిసిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే క్లినిక్ నుంచి నర్సమ్మ వచ్చింది.

సూపర్‌వైజరు అందర్నీ లారీలు ఆగే ఆవరణలోకి పిలిచాడు. ఆయనకి గడియారం అని పేరు. మాట్లాడేది మనిషితోనైనా చూసేది చేతి వాచీ వంకే. "త్వరగా కానియ్యండమ్మా, రోలర్లు ఖాళీగా తిరుగుతున్నాయి," అని ముందే అనేశాడు.

నర్సమ్మ చిన్నపిల్ల. గొంతు మాత్రం పెద్దది. "నొప్పి పుట్టాక ఎలాగూ మీరే మా దగ్గరికొస్తారు. పుట్టకముందే మేం మీ దగ్గరికొచ్చాం. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు, ఇవన్నీ దొంగల్లాంటివి. తలుపు తట్టి రావు. ఇల్లంతా ఊడ్చుకుపోయాక గానీ తెలీదు."

"మా ఇంట్లో దొంగకేం దొరకదు నర్సమ్మా, వాడే జాలిపడి ఏదో ఒకటి పెట్టిపోతాడు," అన్నాడు రోలరు దగ్గర పనిచేసే మనిషి. అందరూ నవ్వారు. నర్సమ్మా నవ్వింది. నవ్వుతూనే తలా ఒక చిన్న సీసా పంచి, పేరు రాసిన చీటీ దానిమీద అంటించింది. ఇవాళ మూత్రం మాత్రమే చూస్తారట. తేడా ఉన్నవాళ్ళని తర్వాత క్లినిక్‌కి పిలుస్తారట.

సీసా చేతిలో పడగానే అక్కకి చెమటలు పట్టాయి.

ఆమె భర్త ఒక పొద్దున శుభ్రంగా తల దువ్వుకుని, తన కాళ్ళతో తాను నడిచి, "పరీక్షేగా, వెళ్ళొస్తా," అని గుమ్మం దిగాడు. ఆ పరీక్షలో ఏదో ఉందన్నారు. మంచం మీద పడుకోబెట్టారు. సూదులన్నారు, గొట్టాలన్నారు. మరి ఇంటికి రాలేదు. దువ్వెన కిటికీలోనే ఉండిపోయింది, పళ్ళ మధ్య రెండు తెల్ల వెంట్రుకలతో. అక్క దాన్ని ఈనాటికీ కడగలేదు. తన మనసులో ఆమె ఒక లెక్క వేసుకుంది. పరీక్షకి పోయాడు గనక పోయాడు. పోకపోతే ఉండేవాడు. ఈ లెక్క తప్పని ఆమెకెవరూ చెప్పలేదు, ఎందుకంటే ఆమె దాన్ని ఎవరితోనూ పైకి అనలేదు.

బాత్రూం గోడ పక్కన చెల్లెల్ని ఆపి, సీసా ఆమె చేతిలో కుక్కింది.

"ఇది కూడా నువ్వే నింపు."

"ఏంటీ?"

"నాకు రావట్లేదే."

"రాకపోవడమేంటి? పొద్దున్నుంచీ చెంబులకి చెంబులు తాగుతూనే ఉన్నావు."

"నింపుతావా, నింపవా?"

చెల్లెలు అక్క ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏం కనిపించిందో గానీ వేళాకోళం సగంలోనే మానేసింది. "సరే, ఇటివ్వు. ఒక తల్లి కడుపున పుట్టాం, ఒక గిన్నెలో తింటున్నాం, నీదీ నాదీ వేరేముంది? బళ్ళో నా లెక్కలన్నీ నువ్వే చేసిపెట్టేదానివి. ఈ పరీక్ష నీకు నేను రాసిపెడతాలే. గుండ్రాయి రాస్తే ఫస్టు క్లాసే!"

సీసాలు రెండూ నింపి బయటికి తెచ్చింది. నర్సమ్మ వాటిని పెట్టెలో పక్కపక్కనే పెట్టింది. అక్క గుండె దిటవు పడింది. రాయి లాంటి మనిషిది కల్తీలేని ఆరోగ్యం, అందులో తనకీ ఒక వాటా దొరికిందనుకుంది. ఆ సాయంత్రం చాన్నాళ్ళకి ఆకలేసి తిన్నది కూడా.

వారం తిరక్కుండా నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి అందర్నీ పిలవలేదు. కొందర్నే ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి మాట్లాడింది. మడతల బల్ల దగ్గరికి మాత్రం తనే వచ్చింది.

"మీరిద్దరూ సొంత అక్కాచెల్లెళ్ళే కదమ్మా?"

"ఎందుకమ్మా, పోలికలు తెలీడంలేదా? నేను కాస్త అందంగా ఉంటానులే," అంది చెల్లెలు.

నర్సమ్మ నవ్వలేదు. "ఇద్దరికీ మూత్రంలో ప్రోటీన్ పోతోంది. అచ్చం ఒకేలా ఉంది ఇద్దరిదీ. అది పోకూడదు. కిడ్నీలు గట్టిగా ఉంటే పోనివ్వవు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకెవరికైనా ఉండేదా? పోనీ ఒకటి చెప్పండి, మూత్రంలో నురగ వస్తోందా?"

అక్క చేతిలోని దుప్పటి కొసలు జారి నేలమీద పడ్డాయి. ఆ బల్ల దగ్గర ఆమె చేతిలోంచి ఒక కొస జారడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

చెల్లెలు మాత్రం పకపకా నవ్వేసింది. "లాండ్రీ మనుషుల్ని పట్టుకుని నురగొస్తుందా అని అడుగుతారేంటి నర్సమ్మా! చేతులకి సబ్బు, చీరకి సబ్బు. ఆ సీసాలు ఈ చేతులతోనే పట్టుకున్నాం. అందులో సబ్బే పడుంటుంది."

"సబ్బు వేరమ్మా, ఇది వేరు. సబ్బే అనుకుందాం. మరోసారి చూస్తే తేలిపోతుంది కదా? గురువారం క్లినిక్‌కి రండి. ఇద్దరూ రండి. బీపీ చూసి, రక్తం కూడా తీస్తారు."

"వస్తాం వస్తాం," అంది చెల్లెలు, వచ్చే ఉద్దేశం ఏ కోశానా లేని గొంతుతో.

నర్సమ్మ పోయాక అక్క వంగి కొసలు అందుకుంది. ఇద్దరికీ ఒకేలా ఉందట. ఉండదూ మరి! రెండు సీసాల్లో ఉన్నది ఒక్క మనిషి. ఒకసారి కాదు, ఒకే మనిషిని రెండుసార్లు పరీక్ష చేశారు, రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకామె నవ్వుతోంది. రెండోదాని నోరు పెగలడంలేదు.

గురువారం వచ్చింది. ఆసుపత్రి లారీ వచ్చింది, పని తలకు మించి ఉందంది చెల్లెలు. అక్క మారుమాట్లాడలేదు. తర్వాతి గురువారం కూడా పోయింది. నర్సమ్మ ఫోను చేస్తే, "ఇదిగో, చెప్పులేసుకుంటున్నాం," అని చెల్లెలు దుప్పటి దులుపుతూ చెప్పింది.

అక్క ఎందుకు నోరెత్తలేదంటే, ఎత్తాలని లేక కాదు. ఎత్తితే చెల్లెల్ని ఆ గదిలోకి పంపాలి. ఆ గదిలోకి పోయినవాళ్ళు తిరిగి రావడం ఆమె చూడలేదు. సబ్బే అయ్యుంటుందిలే అనుకునేది. అనుకున్న మరుక్షణం కాదని తెలిసేది. రోజంతా ఇలా ముందుకూ వెనక్కీ నడిచేది, చేతిలో దుప్పటి ఉన్నా లేకున్నా.

ఒక ఉదయం ఇంట్లో మరిది గుమ్మం దగ్గర కూర్చుని, పెళ్ళాం చెప్పుకి మేకుతో చిల్లు పొడుస్తున్నాడు. ఆయన లాండ్రీ వ్యాను నడుపుతాడు. నెమ్మదస్తుడు, మాట పొదుపు.

"ఏమయ్యా, చెప్పుకేమైంది?" అంది అక్క.

"మీ చెల్లెలి కాళ్ళు బలిశాయి వదినా. పట్టీకి ఆఖరి చిల్లు కూడా చాలట్లేదంట. ఇంకోటి పొడుస్తున్నా."

"నీ కళ్ళు బలిశాయి," అని లోపల్నుంచి చెల్లెలి గొంతు. "పొద్దస్తమానం నిలబడితే కాళ్ళు ఉబ్బవా? నీలాగా స్టీరింగు ముందు కూర్చుని నిద్రపోతున్నానా నేను?"

మరిది నవ్వి, మేకు నొక్కాడు. తోలు కర్‌ర్‌మంది.

అక్క అక్కడే నిలబడిపోయింది. కళ్ళ ముందు ఇంకో జత కనిపించింది. నల్ల బూట్లు, వాటికి కట్టని తాళ్ళు. పోయేముందు చాలా నెలలు తన భర్త బూట్ల తాళ్ళు కట్టుకోవడం మానేశాడు. "ఈ వయసులో ఏంటా సోకు, పిల్లకాయలాగా? తాళ్ళు కాళ్ళకడ్డం పడి బోర్లా పడతారు," అని తను సాధించేది. "బిగుతవుతోందే," అనేవాడు. బిగుతైతే పెద్దవి కొనుక్కోండి అంది తను. అంతే అంది.

పరీక్షకి పోయిన పొద్దున కూడా ఆ తాళ్ళు వేలాడుతూనే ఉన్నాయి.

అంటే అది ఆసుపత్రి గదిలో పుట్టింది కాదు. తాళ్ళు వదిలేసిన రోజునించే, ఇంకా ముందునించే, అప్పటి తమ ఇంటి గుమ్మంలోనే, తన కళ్ళెదుటే ఉంది. తను చూసింది. చూసి, సోకనుకుంది. అన్నేళ్ళుగా వేసుకున్న లెక్క అక్క లోపల ఒక్కసారి తిరగబడింది. 

"ఏంటి వదినా, అలా ఉన్నారు?"

"అమ్మో," అంది అక్క. కానీ ఆ అమ్మో ఎప్పటి అమ్మోలా లేదు. మరిది మేకు కింద పెట్టేశాడు.

ఆ రోజు బల్ల మీదికి వచ్చినవి ఆసుపత్రి దుప్పట్లు. మొదటిదాన్ని ఇద్దరూ బిగలాగారు. ఫెళ్ళున దులిపారు. చెల్లెలు చేతులు చాచి నిలబడింది, అక్క రావడం కోసం.

అక్క రాలేదు.

"ఏంటక్కా?"

అక్క తన కొసలు పట్టుకుని అవతలే నిలబడింది. రోలరులోంచి రెండో దుప్పటి వచ్చి తొట్టిలో పడింది. మూడోదీ పడింది.

"అక్కా, ఆడుకుంటున్నావా? రా."

"నేను రాను."

"కాళ్ళు నొప్పా?"

"నా కాళ్ళు బాగానే ఉన్నాయి. నీ కాళ్ళే ఉబ్బాయి. క్లినిక్‌కి వస్తానను, అప్పుడొస్తా."

చెల్లెలు ముఖం చిట్లించి కొసలు గుంజింది. ఆమె గుంజితే మామూలుగా మనిషి బొంగరమై పోవాలి. అక్క రెండడుగులు తూలింది గానీ వదల్లేదు, వెనక్కి వాలి నిలదొక్కుకుంది. దుప్పటి ఇద్దరి మధ్యా డప్పుతోలులా బిగిసింది.

గడియారం వాచీ చూసుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, దుప్పటి మడుస్తున్నారా, ఆరేస్తున్నారా? తొట్టి నిండిపోయింది!"

"నిండనివ్వండి సారూ," అంది అక్క. వాచీ వంక చూసే ఆయన మొదటిసారి మనిషి వంక చూశాడు. జీవితంలో ఎవరికీ ఎదురుచెప్పని అమ్మో అక్కేనా ఈమె?

"గొడవ చెయ్యకక్కా, అందరూ చూస్తున్నారు," అంది చెల్లెలు గొంతు తగ్గించి.

"చూడనీ. విననీ కూడా. ఆ రోజు నా సీసా నేను నింపలేదు. భయపడ్డా. ఇదిగో, దీనిచేత నింపించా. రెండు సీసాలూ దీనివే. రెండిట్లోనూ జబ్బుందన్నారు. సబ్బంటోంది ఇది! సబ్బయితే మీ అందరి సీసాల్లోనూ పడాలిగా? మీవీ సబ్బు చేతులేగా? మీకందరికీ ఎందుకు రాలేదు?"

 జాలిపడే దొంగ గురించి జోకు వేసిన మనిషి తలదించుకుని, చెయ్యి చాచి రోలరు ఆపేశాడు. 

చెల్లెలి ముఖం జేవురించింది. నలుగురిలో నవ్వించడమే గానీ నలుగురి జాలి ఆమె ఎరగదు. గుండ్రాయికి దెబ్బ తగిలితే నిప్పురవ్వ లేస్తుంది.

"నువ్వా నాకు చెప్పేది?" అంది. "ఒక్క సీసా పట్టుకోడానికి చెయ్యి వణికిందే, నువ్వా? బావ ఆ గదిలోకే కదా పోయాడు? వచ్చాడా? ఇప్పుడు నన్ను తోస్తావా అందులోకి? ముందు నువ్వు పో, పోయి రా, అప్పుడు చెబుదువుగాని!"

అక్క చేతులు వణికాయి. ఆ వణుకు దుప్పటి పొడుగునా పాకి చెల్లెలి చేతుల దాకా పోయింది. కొసలు మాత్రం జారలేదు.

"బావ ఆ గదిలో పోలేదే," అంది మెల్లగా. "ఇంట్లోనే పోతూ వచ్చాడు, నెలల తరబడి. బూట్ల తాళ్ళు కట్టుకోలేక. నేను చూస్తూనే ఉన్నా. చూసి సోకన్నా. ఆ గదికి పోయేసరికే అంతా అయిపోయింది. అక్కడ చెప్పారంతే." ఊపిరి పీల్చుకుంది. "నీ చెప్పుకి మీ ఆయన కొత్త చిల్లు పొడిచాడు పొద్దున. నాకు మళ్ళీ చూస్తూ ఊరుకోవాలని లేదు. పోదాం. నువ్వొక్కదానివే కాదు. నేనూ ఇస్తా, నాది నేనే. ఈ దుప్పటి ఒక్కదాన్నే మడవలేనే నేను."

చెల్లెలు కదల్లేదు. గుంజలాగే ఉంది. తొట్టిలో దుప్పట్లు చల్లారిపోతున్నాయి. గడియారం వాచీ మీద అరచెయ్యి మూసుకుని నిలబడ్డాడు.

అప్పుడు చెల్లెలు ఒక అడుగు వేసింది. మరోటి వేసింది. ఎప్పుడూ అక్కే నడిచే ఆ దూరాన్ని, దుప్పటి చేతుల్లో పోగేసుకుంటూ, తానే నడిచి వచ్చింది. తన కొసలు అక్క చేతుల్లో పెట్టింది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"నాక్కూడా భయమేనక్కా," అంది, ఎవరికీ వినబడకుండా. "నీకొక్కదానికేననుకున్నావా?"

ఆ గురువారం వ్యాను మరిదే నడిపాడు.  వాళ్ళు దిగేటప్పుడు, "నేనిక్కడే ఉంటా," అన్నాడు.

డాక్టరమ్మ గది బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. పేరు పిలిచాక చెల్లెలు లేచి, చీర సర్దుకుని, అలవాటు కొద్దీ, "వెళ్ళొస్తా," అనబోయింది. అక్క చప్పున ఆమె నోరు మూసింది. "ఆ మాటొద్దు. నేనూ వస్తా పద."

డాక్టరమ్మ బీపీ చూసి, కాసేపాగి రెండో చేతికి చూసింది. కాలి చీలమండ పక్కన వేలితో నొక్కింది. వేలు తీశాక గుంట అలాగే నిలిచింది, పిండిమీద నొక్కినట్టు. తలనొప్పి వస్తుందా అని అడిగింది. వస్తే ఏం చేస్తున్నారని అడిగింది. చెల్లెలు సంచిలోంచి మాత్రల అట్ట తీసి చూపించింది. డాక్టరమ్మ ఆ అట్టని తన బల్ల సొరుగులో వేసి మూసేసింది.

"ఇవి ఇవాళ్టితో ఆఖరు. తలనొప్పి మీ బీపీ వల్ల. బీపీకేమో మందు లేదు, తలనొప్పికేమో ఈ మాత్రలు. రెండూ కలిసి కిడ్నీల్ని తింటున్నాయి."

రక్తం తీశారు. మళ్ళీ మూత్రం పరీక్ష చేశారు. ఫలితం వచ్చేదాకా ఉండమన్నారు. అక్క గోడమీది పగులు పొడుగునా చూపు పైకీ కిందికీ నడిపించింది.

మళ్ళీ పిలిచినప్పుడు డాక్టరమ్మ తిన్నగా మాట్లాడింది. "కిడ్నీ అంటే వడకట్టే గుడ్డ అనుకోండి. మీ గుడ్డ నేత కాస్త వదులైంది. పోకూడనివి పోతున్నాయి, ఆ నురగ అందుకే. రక్తంలో కూడా కొంచెం తేడా ఉంది."

"అతుకు వెయ్యలేరా?" అంది చెల్లెలు. నవ్వబోయింది గానీ పెదవులు మాట వినలేదు.

"వెయ్యలేం. వదులైంది వదులే. అబద్ధం చెప్పను, ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. కానీ గుడ్డ ఇంకా చిరగలేదు. ఉప్పు తగ్గించి, మాత్రలు మానకుండా వేసుకుని, మేం పిలిచినప్పుడల్లా వస్తే చాలా ఏళ్ళు ఇక్కడే ఆపొచ్చు. చిరిగాక వచ్చినవాళ్ళకి నేనీ మాట చెప్పలేను. చాలామంది అప్పుడే వస్తారు, ఎందుకంటే అందాకా వాళ్ళకి ఏ నొప్పీ ఉండదు."



"మా ఆయన అలాగే వచ్చాడమ్మా," అంది అక్క. "ఉబ్బిన కాళ్ళతో. ఆ తాళ్ళు వదిలేసినప్పుడే తీసుకొచ్చుంటే?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఆయన్ని నేను చూడలేదమ్మా. చూడనివాళ్ళ గురించి ఏం చెప్పను?" అని, చెల్లెలి వైపు చూసింది. "ఈవిణ్ణి మాత్రం వేళకే తెచ్చారు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెల్లెలు ఆమె వీపు మీద చెయ్యి వేసి, పసిపిల్లకి రాసినట్టు రాసింది. జబ్బెవరిదో ఓదార్పెవరిదో తెలియకుండా పోయింది ఆ క్షణం.

బయటికి రాగానే లాండ్రీకి వచ్చిన నర్సమ్మే ఎదురై, అక్క చేతిలో ఒక సీసా పెట్టింది. చీటీ అంటించి ఉంది. "మీ చెల్లెలికి ఉందంటే మీకూ చూడాలమ్మా. తప్పదు," అంది. ఆమె గొంతులో మందలింపు లేదు. ఆ రోజు రెండు సీసాలూ ఒకరివేనని చెల్లెలే ఇందాక చెప్పేసింది.

అక్క బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంది. సీసా మూత తియ్యడానికి చాలాసేపు పట్టింది. తలుపవతల చెప్పుల చప్పుడు వినబడింది, కొత్త చిల్లు పడ్డ పట్టీ టప్‌టప్‌మంటూ.

"అక్కా, సాయం కావాలా? నా దగ్గర ఇంకా మిగిలుంది."

"నోర్ముయ్యవే," అంది అక్క. అన్నాక నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏడుపొచ్చింది. రెండూ అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుంది.

సీసా నిండాక వెలుతురుకి ఎత్తి చూసింది. లోపల గోరువెచ్చగా, తన ఒంటి వేడే తన వేళ్ళకి తగిలింది. పైన రెండు మూడు బుడగలు లేచాయి. ఒకటి పగిలింది. మిగతావి నిలిచాయి. వాటికేమర్థమో ఆమెకి తెలియదు. తెలుసుకోడానికేగా వచ్చింది.

గడియ తీసి బయటికి నడిచింది. వసారా అవతలి చివర చెల్లెలు లేచి నిలబడి, చేతులు ముందుకు చాచి ఉంది, ఏదో అందుకోబోతున్నట్టు.

అక్క ఆమె దాకా నడిచింది. సీసా మాత్రం ఆమె చేతికివ్వలేదు. పక్కనే ఉన్న నర్సమ్మకిచ్చింది.

"ఇది మీదేనా అమ్మా?" అంది నర్సమ్మ.

"నాదే," అంది అక్క.